తరుగు

గ్లెనిస్ లీట్జ్‌కీ ఆ షాఫ్టును
ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తెచ్చింది.
దుప్పటి విప్పితే
మెడ దగ్గర అరిగిన మూరెడు ఇనుము.
"గురువారం వాన అంటున్నారు" అంది. అంతే అంది.
బయట నలభై ఒక్క డిగ్రీల ఉత్తరపు గాలి,
డింబూలా ఊరంతా గోధుమ పొట్టు వాసన.
కొత్త షాఫ్టు మెల్‌బోర్న్ నుంచి దిగాలంటే పదకొండు రోజులు.

కొలత కంటే ముందు గోరు ఆనించాను.
ఆటోనగర్లో సుభానీ మేస్త్రి అనేవాడు:
"కన్ను మొగమాటపడుద్దిరా, గోరు పడదు."
గోరు మెట్టు దిగింది.
ఎంత దిగిందో మైక్రోమీటర్ తరవాత చెప్పింది:
అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ.
వెంట్రుకవాసి అని మనవాళ్లు ఇట్టే తేల్చేస్తారు గానీ
ఇక్కడ వెంట్రుకవాసి చాలా దూరం.
అందులో నాలుగో వంతు తేడా వచ్చినా
చేను మధ్యలో బేరింగ్ కీచుమంటుంది.

బంగారం కొట్లో తరుగు మన ఖాతాలో రాస్తారు.
ఇది ఎవరి ఖాతాలో రాయను?
ఎన్నేళ్ల కోతలో
పిసరు పిసరుగా ఈ ఇనుమును తిన్నాయి.
ఆ పొడి గ్లెనిస్ వాళ్ల చేలోనే ఎక్కడో ఉంటుంది,
గాలికి కొంత పక్కవాళ్ల చేలోనూ.

నాలుగు దవడల చక్‌లో బిగించి
డయల్ ముల్లు వణుకు ఆగేదాకా సరిచేశాను.
షాఫ్టు మొహం నా వైపు తిరిగింది:
గుండ్రని అంచు, నట్టనడుమ సెంటర్ గుంట.
ర కడుపులో చుక్క.
ఠ.
పలక మీద దిద్దించి
ఆ తరవాత ఎవరూ పెద్దగా వాడమనని అక్షరం
రోజుకి నాలుగైదుసార్లు ఇక్కడ ఎదురొస్తుంది.
మసి తుడిస్తే, దాని పక్కన పంచితో కొట్టిన పొడి అక్షరాలు:
ఆర్.కె. 88.

అరిగిన చోటు ఇంకాస్త లోతుకి చెక్కితే
నీలం చుట్టల మధ్య పసుపు రజను రాలింది.
ఇత్తడి.
ఇంతకు ముందే ఎవరో పూడ్చారన్నమాట.
మెర్వ్ క్రౌస్‌ని పిలిచాను.
డెబ్బై ఆరేళ్ల మనిషి, కళ్లద్దాలు నుదుటి మీంచి దించి
చిటికెడు తీసి అరచేతిలో చాలాసేపు చూశాడు.
"రాల్ఫ్. మా అన్న.
ఇత్తడి పోశాడంటే ఆ రోజు తాగున్నాడు.
అయినా చూడు, ఇన్నాళ్లు ఆగింది."
రజను చొక్కా జేబులో వేసుకుని
టీ పెట్టడానికి వెళ్లాడు.

ఇత్తడంతా ఊడ్చేసి, ఇనుము ఇనుములా కనబడ్డాక
వెచ్చచేసి వెల్డు చుట్టాను,
జంతికలు ఒత్తినట్టు, వరసని వరస అంటుకుంటూ.
సున్నపు పొడిలో పాతిపెట్టి రాత్రంతా వదిలేశాను.
తొందరపెట్టి చల్లారిస్తే ఇనుము అలుగుతుంది.

పొద్దున్నే మళ్లీ లేతు.
లేతుకీ వయసు మళ్లింది.
చక్‌కి దగ్గరగా పట్టాలు అరిగి
అక్కడ అది అబద్ధం చెబుతుంది. ఎప్పుడూ ఒకటే అబద్ధం.
ఒకటే అబద్ధం చెప్పేవాళ్లతో బతకడం తేలికే:
ఆ చోటు రాగానే
హ్యాండిల్ మీద బొటనవేలు తనంతట తనే బరువు మారుస్తుంది.
కింద చెక్క మీద రాల్ఫ్ నిలబడి నిలబడి చేసిన
రెండు పాదాల గుంటలు.
నా పాదాలు అందులో కొంచెం వదులు.

మాంసం పైలు వెచ్చబెట్టే పాత గాజుపెట్టెలో
బేరింగ్ కాగుతోంది.
తొడిగితే జారింది, టక్కున కూర్చుంది,
చల్లారుతూ పట్టు బిగించింది.
ఇక కదలదు.

గ్లెనిస్ వచ్చేసరికి పడమట మబ్బు.
"ఎన్నాళ్లొస్తుంది?"
"అరిగేదాకా" అన్నాడు మెర్వ్.
ఆమె నవ్వలేదు. మళ్లీ బెల్టు పెట్టింది.
బిల్లులో గంటలు రాశాం, రాడ్లు రాశాం.
రాల్ఫ్ ఇత్తడికి మాత్రం ఏం రాయాలో తోచలేదు.
పంచి తీసి నేనేమీ కొట్టలేదు.
ఠ ఉందిగా.

బుధవారం రాత్రి పదకొండింటికి
సైలోల అవతల కోత యంత్రం దీపాలు కదులుతున్నాయి.
చెవి పెట్టాను.
ఇంత దూరం కీచు వినపడదు, తెలుసు.
షెడ్డు రేకు మీద
ఒక్క చినుకు.